మీటతో పోయేదానికి తెర దేనికి?

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదైనా అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. ఇలాంటి చోట అమ్ముతున్న కొత్త కార్లకు, చినుకు పడగానే తమంతట తామే కనిపెట్టి అద్దం తుడిచే వైపర్లు పెడుతున్నారు. జూన్ నెలంతా మబ్బుల వైపు చూసే రైతుకు చినుకు పడిందని చెప్పడానికి ఒక యంత్రం కావాలట! ఎర్రదుమ్ము కమ్మితే మాత్రం ఎప్పటిలాగే బకెట్టు నీళ్లు, పాత గుడ్డ తెచ్చుకోవలసిందే.

కారు కప్పుకు పెట్టే అద్దాల కిటికీ, అదే సన్‌రూఫ్ సంగతి ఇంకా విడ్డూరం. ఎండ కోసం మొహం వాచిన చలిదేశాల వారికి అది ముచ్చట. మే నెలలో 40 డిగ్రీలు దాటే గుంతకల్లు, తాడిపత్రి ప్రాంతాల్లో పక్క అద్దాలకే తువ్వాళ్లు అడ్డం కట్టుకుని ప్రయాణం చేస్తారు. ఆ జనమే నెత్తిన అద్దం పెట్టించుకోవడానికి వేలకు వేలు అదనంగా కడుతున్నారు. కొన్న తరవాత దానికి దొరికిన పని ఒక్కటే. పెళ్లికో జాతరకో పోయేటప్పుడు పిల్లలు అందులోంచి తలలు బయటపెట్టి నిలబడతారు. నిలబడిన పిల్లకు బెల్టు ఉండదు. ఎనుము అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు తొక్కితే ఆ బిడ్డ గతేమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ కిటికీ అంచున పడిన నీరు పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో దుమ్ము, వేపాకు చేరి మూసుకుపోతే, వచ్చే ఆ కాస్త వానా కారు లోపలే కురుస్తుంది.

ఇవన్నీ పట్నపు షోకులు, పల్లెకేం సంబంధం అనుకునే రోజులు పోయాయి. చీనీ తోట నాలుగు రాళ్లు మిగిల్చిన ఏడో, కొడుకు బెంగుళూరులో ఉద్యోగంలో కుదిరిన ఏడో ఊళ్లో ఒక కారు దిగుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లపై జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. తగ్గిన పన్ను రైతు జేబులో మిగలాలి. షోరూములో అడుగు పెట్టాక అది మిగలడం కష్టం. ఒకే కారును నాలుగైదు మెట్లుగా చేసి అమ్ముతారు. వెనక అద్దం తుడిచే వైపరు కావాలంటే ఇంకో మెట్టు ఎక్కమంటారు. దుమ్ము నేలలో అది నిజంగా కావలసిన వస్తువే. కాని ఆ మెట్టున వైపరు ఒక్కటే ఉండదు. పది అంగుళాల తెర, రంగులు మార్చే దీపాలు, మాటలు వినే యంత్రం అన్నీ కలిపి కట్టగట్టి ఉంటాయి. ఉప్పు కొనబోయిన వాడికి మిఠాయి పొట్లం కూడా కొంటేనే ఉప్పు తూస్తామన్నట్టుంది ఈ వ్యాపారం. మాటలు వినే యంత్రాలకు కొన్ని కంపెనీల వారు తెలుగు కూడా నేర్పారు. దానికి ఉరవకొండ తెలుగు ఎంత అర్థమవుతుందో కొన్నవారే చెప్పాలి.

కొత్తవన్నీ దండగ అనడం కూడా న్యాయం కాదు. అంబాసిడరే బంగారమనే పెద్దలు, ఆ కారు దేనికైనా గుద్దుకుంటే ముందు సీటులో వారికి స్టీరింగే గుండెకు తగిలేదన్న సంగతి మరచిపోతున్నారు. 2019 జులై 1 నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు, బెల్టు పెట్టుకోమని మోగే గంట, గంటకు 80 కిలోమీటర్లు దాటితే హెచ్చరించే శబ్దం, వెనక్కు పోయేటప్పుడు అడ్డం ఉన్నది తెలిపే సెన్సర్లు అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి చేశారు. మంచి పని. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022లో ముసాయిదా తెచ్చిన కేంద్రం, 2023లో ఆ మాట వెనక్కు తీసుకుంది. అయినా పలు కంపెనీలు కింది మెట్టు కార్లకూ ఆరు పెట్టడం మొదలెట్టాయి. ప్రాణం కాపాడే వస్తువుకు ఎంతైనా పెట్టవచ్చు. తకరారంతా దాని పక్కన కట్టిన గిలకల గురించే.

ఆ గిలకల మోతలో అసలు గంట వినబడకుండా పోతోంది. తలుపు సరిగా పడకపోతే ఒక కూత, గీత దాటితే ఒక కూత, పక్కన మేకల మంద వస్తే ఒక కూత, ఫోను కలిస్తే ఒక కూత. శెనగ, ఉలవ, కొర్ర రోడ్డు మీదే ఆరబోసే పల్లెదారిలో గీత ఎక్కడిది? ఉన్న చోట గుంత తప్పించుకోవడానికి పక్కకు తిప్పితే, గీత దాటావని స్టీరింగు తిరిగి లోపలికి లాగే కార్లున్నాయి. ఈ గోల పడలేక జనం చేస్తున్న పని చూస్తే గుండె జారుతుంది. బెల్టు గంట మోగకుండా, బెల్టు బిగించే చోట ఉత్తి క్లిప్పు గుచ్చి ఊరుకుంటున్నారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అంగళ్లకు ఉత్తర్వులిచ్చి ఆ క్లిప్పుల అమ్మకం ఆపించవలసి వచ్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన వారు 1,68,491 మంది. వారిలో బెల్టు పెట్టుకోని వారు 16,715 మంది అని కేంద్రం లెక్క. వారిని కాపాడగలిగింది మూరెడు వెడల్పు తెర కాదు, నాలుగు వేళ్ల పట్టీ.

ఇక ఆ తెర సంగతి. పాత కారులో ఏసీ తగ్గించాలంటే కన్ను రోడ్డు మీదే ఉంచి చేతితో తడిమి మీట తిప్పేవారు. ఎద్దు ముకుతాడు కోసం చీకట్లో చేయి పోయినట్టు దానంతటదే పోయేది. కొత్త తెర నున్నటి పలక. తడిమితే ఏదీ తెలియదు. చూడాలి, వెదకాలి, నొక్కాలి, నొక్కింది పట్టిందో లేదో మళ్లీ చూడాలి. గంటకు 60 కిలోమీటర్ల మీద పోయే కారు మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. ఆ 50 మీటర్లూ డ్రైవరు కళ్లు మూసుకుని నడిపినట్టే.

ఇది ఊహ కాదు. స్వీడన్ దేశంలో ఒక మోటారు పత్రిక వారు 2022లో పన్నెండు కార్లను పరీక్ష పెట్టారు. గంటకు 110 కిలోమీటర్ల మీద పోతూ రేడియో మార్చడం, వేడి పెంచడం లాంటి నాలుగు పనులు చేయాలి. డ్రైవర్లకు ముందుగా కారు అలవాటు చేసుకునే వ్యవధి కూడా ఇచ్చారు. అందరికంటే ముందు వచ్చింది 2005 నాటి మీటల వోల్వో కారు. దానికి పట్టింది 10 సెకన్లు, ఈలోగా పోయిన దూరం 306 మీటర్లు. అందరికంటే వెనకబడిన తెర కారుకు 44.9 సెకన్లు పట్టింది. అంతసేపట్లో అది 1,372 మీటర్లు పోయింది. కిలోమీటరుకు పైగా దారి, ధ్యాసంతా తెర మీదే!

యుద్ధనౌకలకే ఈ తెరలు అచ్చిరాలేదు. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు ఓడకు తగులుకుని పదిమంది నావికులు మరణించారు. శిక్షణ చాలకపోవడంతో పాటు, నౌకను తిప్పే వేగం మార్చే పనులను తెర మీదికి ఎక్కించిన తీరును కూడా విచారణ తప్పుపట్టింది. 2019లో నౌకాదళం వారు తెరలు తీసి చేతితో తోసే మీటలు తిరిగి పెడతామన్నారు. కార్లను గోడకు గుద్దించి నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ కూడా 2026 నుంచి పద్ధతి మార్చింది. ఇండికేటరు, ప్రమాద హెచ్చరిక దీపాలు, హారను, వైపరు, అత్యవసర సాయం పిలుపు, ఈ అయిదింటికి చేతికి తగిలే మీటలు లేకపోతే పూర్తి మార్కులు రావు. 2023 అక్టోబరు నుంచి మన దేశానికీ భారత్ ఎన్‌క్యాప్ ఉంది. ఈ అయిదు మీటలకూ తన మార్కుల్లో చోటిస్తే కంపెనీల వారు రేపే దారికి వస్తారు. ఎనుములు, ఆటోలు, అడ్డంగా వచ్చే ట్రాక్టర్లు ఉన్న రోడ్లకు ఆ నియమం యూరప్ కంటే ముందు కావాలి.

పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో మొదలైంది. అప్పటికది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడి కార్లు విదేశాలకు కూడా పోతున్నాయి. కార్లు పుట్టే సీమలోనే కారు బాగుచేసే మనిషి కరువవుతున్నాడు. ప్లగ్గు తుడిచి, పాయింట్లు గీకి, అరగంటలో బండి కదిలించిన షెడ్డు మెకానిక్కులు కళ్యాణదుర్గంలోనూ ఉరవకొండలోనూ ఇంకా ఉన్నారు. అంబాసిడరు, మారుతి 800 రెండూ 2014లో ఆగిపోయాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాక స్కానరు తగిలించనిదే రోగమే తెలియదు. పొగ తగ్గడానికి ఆ కంప్యూటరు కావాలి, కాదనలేం. కాని తలుపు అద్దానికి, ఏసీకి, దీపానికి కూడా అదే కంప్యూటరు ఎందుకు? పాత బండికి దీపం పోతే కొన్ని వందలతో బల్బు మారేది. ఇప్పుడు చాలా బండ్లలో గూడుతో సహా మార్చాలి, ఖర్చు వేలల్లో. మధ్య తెర నల్లబడితే ఏసీ తగ్గించే దారే లేని కార్లు ఉన్నాయి. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. బెళుగుప్ప రైతు కారు జిల్లా కేంద్రపు సర్వీసు కేంద్రానికి లారీ మీద ఎక్కి పోవలసి వచ్చినప్పుడు ఆ పోర్టల్ ఏ కొరడా తీస్తుందో ఎవరూ వివరించలేదు.

కారు కొనబోయేవారు బేరం కుదరకముందే తెర మార్చడానికి ఎంత, ముందు దీపానికి ఎంత అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నడుపుతూ తెర ముట్టకుండా ఏసీ తగ్గించగలమేమో షోరూము బయటే చూసుకోవాలి. డిక్కీ కూడా తెరిచి చూడాలి. ఎందుకంటే 2020లో కేంద్ర నిబంధనలు మార్చి, గాలి ఎంతుందో చెప్పే సెన్సర్లు, ట్యూబులేని టైర్లు, పంక్చరు కిట్టు ఉంటే కార్లకు స్పేరు చక్రం లేకున్నా సరేనన్నారు. తుమ్మముల్లు దిగితే ఆ కిట్టు పనికొస్తుంది. రాయదుర్గం, కణేకల్లు మధ్య కంకర రాయి తగిలి టైరు పక్కవాటం చీలితే ఏ జిగురూ పట్టదు. అర్ధరాత్రి ఆ దారిలో, గాలి తక్కువగా ఉందని పది అంగుళాల తెర మీద ఎర్రటి అక్షరాలు మాత్రం చక్కగా వెలుగుతాయి.