కుక్కకు పెట్టే చేతులెన్ని?

కోరుకొండలో నరసింహస్వామి కొండకు దగ్గర్లో ఉండే ఒక పెద్దాయన నెలకోసారి షుగరు పరీక్షకు నా దగ్గరకు వస్తారు. క్రిందటి వేసవిలో ఒకరోజు ఆయన వెంట తెల్లటి పొమేరియన్ కుక్క కూడా వచ్చింది. నాలుగడుగులు వేస్తే కూలబడుతోంది. నాలుక చాచి ఒకటే రొప్పు.

"గుండె జబ్బేమోనండీ. తిండి చూస్తే పూటకు గుప్పెడన్నం, అంతేనండి" అన్నారాయన.

నేను మనుషుల వైద్యుణ్ణి. గుండె సంగతి పశువుల ఆసుపత్రిలో చూపించమన్నాను. కాని ఆ "గుప్పెడన్నం" నాకు బాగా పరిచయమైన మాట. ఒళ్లు పెరిగి వచ్చినవాళ్లలో చాలామంది తమ తిండి గురించి చెప్పేది అదే. అందుకని, ఇంట్లో ఎవరెవరు ఏం పెట్టినా ఒక్కరోజు కాగితం మీద రాసి తెమ్మన్నాను.

తెచ్చారు. పొద్దున్న కాఫీతోపాటు ఈయన పెట్టే మేరీ బిస్కెట్లు నాలుగు. కోడలుగారు వేసిన నెయ్యి దోసె ముక్క. మనవడి టిఫిన్ డబ్బాలో మిగిలిన చపాతీ. ఎవరో చుట్టాలు తెచ్చిన తాపేశ్వరం కాజాలో సగం. రాత్రి మామ్మగారు కలిపి పెట్టే పెరుగన్నం. ఇవన్నీ కాక ఆ రెండుపూటల గుప్పెళ్లు! ఎవరూ అబద్ధం చెప్పలేదు. మిగతావాళ్లు పెట్టింది ఎవరికీ తెలియదు, అంతే.

లెక్క చూడండి. ఇంటిపట్టునే ఉండే పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 500 నుంచి 600 కేలరీలు చాలు. మేరీ బిస్కెట్ ఒక్కోటి పాతిక కేలరీల దాకా ఉంటుంది. అంటే నాలుగు బిస్కెట్లతో దాని రోజు తిండిలో ఆరో వంతు అయిపోయింది. మనకది చిరుతిండి, దానికి భోజనం. చెంచా నెయ్యి మరో 45.

పశువైద్యులు పరీక్షించి గుండెకేమీ లోపం లేదన్నారు. బరువు మాత్రం పద్నాలుగు కిలోలు! దాని ఎముకకు పది లోపే ఉండాలట. ఆ అదనపు నాలుగు కిలోలూ మోకాళ్లను అరగదీస్తాయి, ఊపిరాడనివ్వవు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడి దించుకోవాలి. మన గోదావరి జిల్లాల రోహిణీకార్తె ఎండలో లావు కుక్కకు వడదెబ్బ తగలడం తేలిక.

2002లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధన చెబుతాను. నలభై ఎనిమిది లాబ్రడార్ కుక్కలను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదాని కంటే నాలుగో వంతు తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు బతికాయి, రెండోవి 11.2 ఏళ్లు. కీళ్ల జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది. ప్రేమతో మనం పెట్టే అదనపు ముద్ద దాని ఆయుష్షులోంచి తీస్తున్నదే.

మీ కుక్క లావో కాదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. ప్రక్కటెముకల మీద వేళ్లతో తేలిగ్గా రాయండి. చెయ్యి బారజాపి వెనకవైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో అలా తగలాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కది. అరచేతి మెత్తదనమే తగిలితే లావుది. బరువు కావాలంటే దాన్నెత్తుకుని కాటా ఎక్కి, మీ బరువు తీసేయండి.

ఆ ఇంటికి పశువైద్యులు చెప్పిన ఉపాయం నాకు నచ్చింది. రోజంతటి తిండీ పొద్దున్నే కొలిచి ఒకే డబ్బాలో పెట్టాలి. ఎవరికి ప్రేమ పుట్టినా అందులోంచే తీసి పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు సరి. చిరుతిళ్లు మొత్తంలో పదో వంతు దాటకూడదు. కాజాకు బదులు ఉడికించిన చిక్కుడుకాయో, కీరా ముక్కో పెట్టినా అది తోక ఊపుతూనే తింటుంది. ఒట్టి పెరుగన్నం మీదే పెంచడమూ తప్పే. గుడ్డు, మసాలా వెయ్యని కోడిమాంసం వంటివి ఎంత కలపాలో, సున్నం కోసం ఏం ఇవ్వాలో పశువైద్యుణ్ణి అడగండి.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషమే. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. షుగరు రోగులున్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త: చక్కెర లేని బిళ్లల్లో, చూయింగ్ గమ్‌లలో కొన్నిటికి జైలిటాల్ కలుపుతారు. కొంచెం తిన్నా కుక్క రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

పిల్లి సంగతి వేరు. అది మాంసాహారి. పాలన్నం మీదే బతకనిస్తే టారిన్ అనే పదార్థం అందక కళ్లు, గుండె దెబ్బతింటాయి. ఉడికించిన చేప, మాంసం తప్పవు. లావు తగ్గించాలని పిల్లిని పస్తు పెట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదకు వస్తుంది.

సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించిన జంతువుకు తిండి అవసరం తగ్గుతుంది. కొలత అప్పుడే తగ్గించాలి. తిండి పెరగకుండానే బరువు పెరుగుతుంటే థైరాయిడ్ లోపమేమో రక్తపరీక్షలో తేలుతుంది.

పొమేరియన్ మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గింది. వారానికి ఒంటి బరువులో నూటికి ఒకటి రెండు వంతులకు మించి తగ్గించవద్దని పశువైద్యులు ముందే చెప్పారు. ఇప్పుడు తెల్లవారుజామున పెద్దాయన్ని అదే నడిపించుకొస్తోంది. మొన్న షుగరు కాగితం చేతికిస్తూ, "మా ఇంట్లో నాకూ ఒక డబ్బా పెట్టేశారండీ" అన్నారు.