మందు అమ్మే చోటే రోగ నిర్ధారణా?

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా వ్యవసాయ డిగ్రీ గురించి రెండే మాటలు వినిపిస్తాయి. సర్కారు నౌకరీ వస్తే సరే, లేకుంటే నాలుగేళ్లు దండగ అన్నది ఒకటి. దున్నుకోవడానికి డిగ్రీ ఎందుకు, మన తాతలు చదివే సేద్యం చేశారా అన్నది రెండోది. సేద్యంలో కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదన్న నమ్మకం నుంచే రెండూ పుట్టాయి. అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉన్న ప్రాంతంలోనే ఈ నమ్మకం ఇంతగా పాతుకుపోవడం బాధ కలిగిస్తుంది. అది ఎంత తప్పో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, ఇక్కడి మిర్చి తోటలే సాక్ష్యం.

మిర్చి ఆకు ముడుచుకుందంటే కారణం ఒకటే కానక్కర్లేదు. అంచులు పైకి తిరిగి దోనెలా అయితే తామర పురుగు. కిందికి తిరిగి, ఆకు కాడ సాగితే నల్లి. ఆకులు చిన్నవై మొక్క గిడసబారితే బొబ్బర, అంటే తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్. మొదటిదానికి పురుగు మందు పనిచేస్తుంది, రెండోదానికి నల్లి మందు కావాలి, మూడోదానికి మందే లేదు. ఆ మొక్కను పీకేసి తెల్లదోమను అదుపు చేయడమొక్కటే దారి. నల్లి ఉన్న తోటలో సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి ఆకును తిప్పి చూసే అరనిమిషం చాలు, కానీ ఏం చూడాలో తెలిసుండాలి. ఇప్పుడు జరిగేదేమిటి? రైతు నాలుగు ఆకులు తెంపుకొని మందుల షాపుకు పోతాడు, రెండు మూడు రకాల డబ్బాలతో తిరిగొస్తాడు. అదీ ఉద్దెరకు. పంట అమ్మాక మిత్తితో కట్టాలి. మందు అమ్మితేనే పూట గడిచే మనిషిని ‘నీకు మందు అక్కర్లేదు’ అని చెప్పమనడం అత్యాశ. తప్పు ఆ మనిషిది కాదు, నిర్ధారణనూ అమ్మకాన్నీ ఒకే గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టిన ఏర్పాటుది. 2003లో హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ విస్తరణ సంస్థ ‘మేనేజ్’ మందుల డీలర్ల కోసమే ‘దేశీ’ పేరుతో ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. ఈ లోటు ప్రభుత్వానికీ తెలుసనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

తాతల అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఏ చెలకలో జొన్న నిలుస్తుందో, ఏ వాలులో కంది పండుతుందో కోయ రైతుకు తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. కానీ ఇవాళ పోడు భూముల్లోకి వచ్చింది 2002 తర్వాతి బీటీ పత్తి. దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో పరుచుకున్నది పామాయిల్. ఆ చెట్టుకు గెల నిండాలంటే 1985లో మన దేశానికి తెప్పించిన ఆఫ్రికా ముక్కుపురుగు పరాగాన్ని మోయాలి. ఆ సంగతి తెలియకుండా పూత మీద మందు కొట్టేవాడు తన దిగుబడిని తానే చంపుకుంటాడు. 2021లో మిర్చి మీద విరుచుకుపడ్డ నల్ల తామర పురుగైతే ఏ తాతా చూడనిది. పూతను తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి నలుసులు పరుగెత్తేవి. పూలు రాలిపోయేవి, కాయ నిలిచేది కాదు. భయంతో మందు మీద మందు కొట్టిన కొద్దీ ఖర్చు పెరిగిందే గాని తోట దక్కలేదు. అనుభవం ఆగిపోయే ఇలాంటి చోటే చదువు పని మొదలవుతుంది. విశ్వవిద్యాలయాలకు పొలం తెలియదనేవారు తాము తినే సాంబ మసూరి బాపట్ల నుంచి, తెలంగాణ సోనా రాజేంద్రనగర్ నుంచి వచ్చాయని మరవకూడదు.

ఇక కొలువుల మాట. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి ఉండాలన్నది లెక్క. పంట నమోదుకూ పథకాల కాగితాలకూ పోగా, ఆయన తోటలో నిలబడి ఆకు తిప్పి చూసేది ఎంతసేపు? పోస్టులు పెంచాలి, ఖాళీలు నింపాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయినా పోస్టు లేకపోవడం వేరు, పని లేకపోవడం వేరు. చర్ల, దుమ్ముగూడెం వైపు పని కుప్పలుగా ఉంది. వట్టి సలహాకు రైతు డబ్బులివ్వడంటారు. ఇప్పుడూ ఇస్తూనే ఉన్నాడు. ఆ సొమ్ము అక్కరలేని డబ్బా ధరలో, దాని మిత్తిలో కలిసి ఉండటం వల్ల కనబడటం లేదు, అంతే. ఒక్క అనవసరపు పిచికారీ తప్పించినా మందు, కూలీ రెండూ మిగులుతాయి. అందులో కొంత సలహా ఇచ్చినవారికి దక్కడం న్యాయమైన సంపాదనే. 2002లో కేంద్రం తెచ్చిన అగ్రి క్లినిక్‌ల పథకం ఉద్దేశమూ ఇదే. ఎస్సీ, ఎస్టీ, మహిళా అభ్యర్థులకు అందులో 44 శాతం సబ్సిడీ ఉంది.

చదివినవాళ్లు బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో పోతున్నారు కదా అన్న ఆక్షేపణను తోసిపుచ్చలేను. కళాశాల కూడా పోడు సేద్యాన్ని తగినంత పట్టించుకోలేదు. చివరి ఏడాదిలో విద్యార్థులు పల్లెల్లో ఉండి చేసే గ్రామీణ అనుభవ కార్యక్రమాన్ని ఏజెన్సీ గూడేల్లో, కోయ మాట్లాడే పిల్లలను ముందు పెట్టి నడిపితే చాలా మారుతుంది. తన భాషలో తనవాడు చెబితే వినే తీరు వేరు. అయితే ఆ కోయ పట్టభద్రుడు సొంతంగా క్లినిక్ పెట్టాలనుకుంటే ముందుగా అడ్డొచ్చేది చదువు కాదు, బ్యాంకు. పోడు భూమికి 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు దక్కుతుందే తప్ప అమ్మడానికీ బదిలీకీ వీల్లేదు. ఆ రక్షణ ఉండి తీరాల్సిందే. కానీ అందువల్లే పెద్ద అప్పుకు ఆ భూమిని బ్యాంకు హామీగా తీసుకోదు. కాబట్టి ఆ హామీ భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఇవ్వాలి. మండలానికి ఒక క్లినిక్‌తో మొదలుపెట్టి, అందులో మందులు అమ్మకూడదని షరతు పెట్టి, మొదటి రెండేళ్లు సలహా రుసుములో సగం తానే భరించాలి.