కొన్న జ్ఞాపిక కన్నా పోత పోసిన వేపాకు మేలు



ప్రతి ఏటా వార్షికోత్సవం దగ్గర పడగానే హాస్టళ్లలో చందా మొదలవుతుంది. ముఖ్య అతిథికి శాలువా, వెళ్లిపోయే సీనియర్లకు బజారులో కొన్న జ్ఞాపికలు. కాస్మెటిక్ చార్జీల్లో మిగుల్చుకున్న పదీ ఇరవై అక్కడ ఖర్చయిపోతాయి. ఇవ్వలేని తమ్ముడు గ్రూపు ఫొటోలో వెనక వరుసలోకి జారుకుంటాడు. ఈ పద్ధతి మారాలని నా అభిప్రాయం. మన కానుకలు మనమే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోత పోసుకుందాం.

పదో తరగతిలో మార్కుల కోసం ఆ సమీకరణం బట్టీ పట్టినవాళ్లమే మనమంతా. జిప్సంను వేడి చేస్తే అందులోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోయి ఈ పొడి మిగులుతుంది. మళ్లీ నీళ్లు కలిపితే వేడెక్కి, గట్టిపడి, తిరిగి జిప్సం అవుతుంది. గట్టిపడేటప్పుడు కాస్త ఉబ్బుతుంది కాబట్టి అచ్చులోని సన్నని గీత కూడా దిగుతుంది.

చేసే విధానం సులువు. చెరువు బంకమట్టిని మెత్తగా పిసికి పలకలా పరచాలి. హాస్టల్ ఆవరణలోని వేపాకునో రావి ఆకునో ఈనెల వైపు కిందికి పెట్టి నొక్కి, మెల్లగా తీసేయాలి. చుట్టూ అట్టముక్కతో గోడ కట్టాలి. కప్పు నీళ్లకు సుమారు రెండు కప్పుల పొడి చాలు. పొడిని నీళ్లలో చల్లాలి గానీ నీళ్లను పొడిలో పోస్తే ఉండలు కడుతుంది. బుడగలు రాకుండా నిదానంగా కలిపి వెంటనే పోయాలి. గంట తర్వాత మట్టి తీసేసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి రంగు వేసుకోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకోవాలి. మిగిలింది తూములో పోస్తే అక్కడే గడ్డకడుతుంది. అచ్చు కోసం చెయ్యి అందులో ఎన్నడూ ముంచకూడదు. 2007లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక పాఠశాల విద్యార్థిని అలా చేసి, ఆ వేడికి వేళ్లు పోగొట్టుకుంది.

"ఈ పదార్థం చెరువులను పాడు చేస్తుంది కదా?" అని అడగవచ్చు. నిజమే. నిమజ్జన విగ్రహాలకు దీన్ని వాడవద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మనం చేసేది గోడకు తగిలించుకునే అరచేతంత బిళ్ల. విరిగినా నీళ్లలో వేయకపోతే చాలు.

అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. "చదువుకోమని పంపితే మళ్లీ చేతి పనేనా?" ఈ మాట మన ఇళ్లలో ఊరికే పుట్టలేదు. మా నాన్న తాపీ మేస్త్రీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆయన కట్టిన గోడల్లో ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. శిలాఫలకం మీద ఉండేది ప్రారంభించినవారి పేరు. కాబట్టి నా అభ్యంతరం పని మీద కాదు, పనిచేసినవాడి పేరు తుడిచేసే అలవాటు మీద. పిల్లలతో గదులు ఊడ్పించడం, వంటపాత్రలు తోమించడం చాకిరీ. అది ఎక్కడ జరిగినా ప్రశ్నించాల్సిందే. ఇష్టపడి నేర్చుకునే పని విద్య. ఈ రెంటికీ తేడా తెలియాలంటే ఎవరినీ బలవంతపెట్టకూడదు. రానివాడిని చిన్నచూపు చూడకూడదు.

అందుకే నాదొక్కటే షరతు. పోత పచ్చిగా ఉన్నప్పుడే వెనకవైపు పుల్లతో చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం చెక్కాలి. ముఖ్య అతిథికి ఇచ్చినా, వంట చేసిపెట్టే అక్కకు ఇచ్చినా అదే పద్ధతి. పూర్వ విద్యార్థులు చందాకు బదులు ఒక పొడి సంచీ తెచ్చి, ఒక ఆదివారం మనతో కూర్చుంటే ఇంకా మేలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన పేరు చెక్కడం మన చేతులతోనే మొదలుపెడదాం. ఆలోచించండి.