ఆమెకూ ఓ సహేలీ ఉండేది

మన ఇళ్లలో మియాబీవీ కలిసి హైదరాబాద్ వెళ్లడానికి మూడే కారణాలు. షాదీ ఖరీదీ, దవాఖానా, లేదంటే గల్ఫ్ వీసా కాగితాలు. పత్తర్‌గట్టీలో బట్టలు, లాడ్‌బజార్‌లో గాజులు కొని, చార్మినార్‌ను ఆటోలోంచే చూసి, మగ్రిబ్ లోపు బస్సెక్కేస్తాం. ఏ పనీ లేకుండా ఇద్దరం ఒక రోజు తిరిగొస్తామంటే ఇంట్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. "ఏం పనుందని?" అంటుంది సాస్. పనేమీ లేదు అమ్మీజాన్, తఫ్రీ! ఆ మాట నోరు తెరిచి చెప్పాలంటే మన మర్దులకు సిగ్గు.

షహర్‌లో ఉండే ఖవాతీన్ పరిస్థితి కూడా గొప్పగా ఏం లేదు. గోల్కొండ ఖిలా మిద్దె మీంచి కనిపిస్తున్నా, ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కని ఆడవాళ్లు నాకు తెలుసు. ఛుట్టీ వస్తే షొహర్ దోస్తులతో హోటల్‌కు, బీవీ బావర్చీఖానాకు. ఈద్ మరునాడు దావత్‌ల పేరుతో రిష్తేదార్ల ఇళ్లకు వెళ్తారు కదా అంటారు. అక్కడ మాత్రం ఆమె ఎక్కడుంటుంది? ఇంకొకరి బావర్చీఖానాలో.

దీన్నంతా దీన్ ఖాతాలో వేసేవాళ్లను చూస్తే నాకు హైరానీ. ఔరత్ సఫర్‌కు మహ్రమ్ తోడుండాలంటారు, సరే. షొహర్‌కన్నా దగ్గరి తోడు ఎవరుంటారు? ఈద్ రోజు మస్జిద్‌లో హబ్షీలు బల్లేలతో ఆటలాడుతుంటే, రసూలుల్లాహ్ (స.అ.స.) తన చాదర్ చాటు పెట్టి, హజ్రత్ ఆయిషా (ర.అ.)కు తనివితీరేదాకా చూపించారని బుఖారీలో ఉంది. ఆమెతో పరుగు పందెం వేసిన సంగతి అబూ దావూద్‌లో ఉంది. జుమా బయాన్‌లలో బీవీ మీద షొహర్ హక్కుల గురించి గంటసేపు వింటాం. ఈ పరుగు పందెం గురించి ఎంతమంది మౌలానాలు చెప్పగా విన్నారు?

పోయిన నెల ఒక ఇత్వార్ మేం ఆ పని చేశాం. పిల్లల్ని వాళ్ల నానీ దగ్గర వదిలి, ఫజర్ అవగానే బయల్దేరాం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆమెకు జీరో టికెట్, డబ్బులిచ్చింది నా ఒక్కడికే. "ఈ రోజు మిమ్మల్ని నేను తీసుకెళ్తున్నా" అంది.

ముందు నాష్తా. నహారీ, చార్‌కోనీ నాన్. ఇన్నేళ్లలో ఆమె తిన్న నహారీ అంతా పార్సిల్‌దే. ఇంటికొచ్చేసరికి నెయ్యి గడ్డకట్టి, నాన్ చల్లారి తోలులా సాగేది. దేగ్‌లోంచి నేరుగా గిన్నెలోకి పడి, పైన నింబూ పిండుకుని, వేడి నాన్ ముంచుకుంటే అది వేరే తిండి. కింద హాలు నిండా మర్దులే. ఫ్యామిలీ అని బోర్డున్న గది పైన ఉంది, ఫ్యాన్ లేదు, కిటికీ లేదు. మన హోటళ్లు ఆడవాళ్ల ఇజ్జత్ కోసం కట్టిన గదులన్నీ ఇలాగే ఎందుకుంటాయో!

1591లో కట్టిన చార్మినార్ ఎక్కాం. ఇరుకు మెట్లు, చీకటి, మోకాళ్ల నొప్పి. పైనుంచి మక్కా మస్జిద్ సహన్, పావురాలు, లాడ్‌బజార్ మొదలు కనిపిస్తుంటే ఆమె చాలాసేపు కదల్లేదు. ఎన్నోసార్లు గాజులు కొన్న బజారే, పైనుంచి చూడటం మొదటిసారి. తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు గంటలకు గడియారం ముందు జనంతో పాటు కూర్చున్నాం. చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండుసార్లు గంట కొట్టి లోపలికెళ్లిపోయింది. పిల్లలకన్నా ఎక్కువ చప్పట్లు కొట్టింది బుర్ఖాల్లో ఉన్న ఆడవాళ్లే.

జుహర్ దగ్గర ఇబ్బంది వచ్చింది. దారిలో ఉన్న ఒక మస్జిద్‌లో ఔరతులకు జగా లేదన్నారు. నేను వుజూ చేసి లోపలికెళ్లాను, ఆమె ఎదురుగా మూసి ఉన్న దుకాణం మెట్ల మీద బ్యాగ్ పట్టుకుని కూర్చుంది. 2019లో పూణెకు చెందిన ఒక జంట ఆడవాళ్ల మస్జిద్ ప్రవేశం కోసం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆడవాళ్లు మస్జిద్‌కు వచ్చి నమాజ్ చదవడానికి ఇస్లాంలో ఇజాజత్ ఉందని ముస్లిం పర్సనల్ లా బోర్డే 2020లో అఫిడవిట్ ఇచ్చింది. ఇజాజత్ కాగితం మీద ఉంది, వుజూఖానాలో ఒక కుళాయి, ఒక పర్దా, ఒక గుస్ల్‌ఖానా మాత్రం లేవు. మీనార్‌కు రంగులు వేయడానికి చందా వసూలు చేసే కమిటీలు ఈ లెక్క కూడా ఒకసారి వేయాలి. బయటికెళ్తే పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా గడిపే ఔరతులు మన ఇంటింటా ఉన్నారు. అడిగి చూడండి.

అస్ర్ తర్వాత సంగతే నేను చెప్పాలనుకున్నది. నా ఉర్దూ మీడియం స్కూల్ దోస్తు ఒకడు దారుల్‌షిఫాలో ఉంటాడు. వాణ్ని కలవడం ఎంత సులభమో చూడండి. ఫోన్ చేశాను, ఇరానీ హోటల్లో రెండు చాయ్‌ల సేపట్లో వచ్చేశాడు. ఆమె కలవాలనుకున్న సహేలీ షాలీబండాలో ఎక్కడో ఉందని మాత్రమే తెలుసు. పదో తరగతి దాకా ఒకే బెంచీ. నికాహ్ తర్వాత సహేలీ ఇల్లు మారింది, మొహల్లా మారింది, ఫోన్ షొహర్ జేబులో ఉండేది. ఫలానా భాయ్ దుల్హన్, తర్వాత ఫలానా బాబు అమ్మీ. అసలు పేరుతో ఆ గల్లీలో ఆమె ఎవరికీ తెలియదు. మేం వెతికింది ఆమె పేరుతో కాదు, ఆమె షొహర్ చేసే జరీ పని అడ్రసు పట్టుకుని.

మర్దుల దోస్తీకి హోటల్ ఉంది, చబూత్రా ఉంది, క్రికెట్ ఉంది. ఆడవాళ్ల దోస్తీ రుఖ్సతీ రోజున మైకేలో వదిలేసి రావాల్సిన సామానా? హజ్రత్ ఖదీజా (ర.అ.) వఫాత్ తర్వాత కూడా, మేకను జబహ్ చేసినప్పుడల్లా ఆమె సహేలీలకు గోష్త్ పంపేవారు మన నబీ (స.అ.స.). చనిపోయిన బీవీ దోస్తీని కూడా కాపాడటం అది. బతికున్న బీవీ సహేలీ ఇంటికి ఆటోలో తీసుకెళ్లడం మనకు ఏపాటి భారం?

తలుపు తీసిన ఆవిడ మా ఆవిణ్ని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది. ఆ పేరు నేను మొదటిసారి విన్నాను. మర్దులం బయట అరుగు మీద కూర్చున్నాం. లోపలి నవ్వులు గల్లీ చివరిదాకా వినపడ్డాయి. ఇషా అజాన్ అయ్యేదాకా లేవలేదు, చివరి బస్సు దొరకదని నేను రెండుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. సాలార్‌జంగ్ మ్యూజియంకూ, చౌమహల్లా ప్యాలెస్‌కూ జుమా రోజు సెలవు. జుమాకే దుకాణం మూసేవాళ్లు గోల్కొండ పెట్టుకోండి. ఎండ ముదరకముందే ఎక్కాలి, నీళ్ల సీసా ఒకటి ఎక్కువ పెట్టుకోవాలి.