వాలిన రెప్పకు జవాబుదారీ ఎవరు?

పెళ్లి దగ్గర పడిందంటే నగలు, చీరలతో పాటు ముఖం మెరుగు కూడా ఇప్పుడు ఖర్చుల లెక్కలో చేరింది. నుదుటి గీతలు, కనుబొమల మధ్య ముడతలు పోగొట్టే బొటాక్స్ సూది ఒకప్పుడు సినిమా తారల ముచ్చట. నేడు హోసూరు, కోలారు వాళ్లు బస్సెక్కితే బెంగళూరులో, వేలూరు వాళ్లు రైలెక్కితే చెన్నైలో దొరికే సేవ. సూది వేయించుకోవడం తప్పని అనడానికి లేదు. ఎవరి ముఖం వారిష్టం. కానీ ముడత పోవాలని వెళ్లిన మనిషి వారం పది రోజులకే ఒక కనురెప్ప సగం వాలిన ముఖంతో అద్దం ముందు నిలబడితే, జవాబు చెప్పేదెవరు?

ముందుగా ఆ సూదిలో ఉన్నదేమిటో తెలుసుకోవాలి. బొటులినమ్ టాక్సిన్ ఒక బాక్టీరియా తయారుచేసే విషం. పాడైన నిల్వ ఆహారంతో ఒంట్లోకి వెళితే ప్రాణం తీయగల ఈ విషాన్నే శుద్ధిచేసి, అతి స్వల్ప మోతాదులో మందుగా వాడుతున్నారు. నరం నుంచి కండరానికి అందే కబురును ఇది ఆపేస్తుంది. కబురందని కండరం బిగుసుకోదు, పైన చర్మం ముడత పడదు. ప్రభావం సాధారణంగా మూడు నాలుగు నెలలుంటుంది. తమాషా ఏమంటే, ఇది మొదట కంటి డాక్టర్ల మందే. మెల్లకన్నుకు, అదుపు లేకుండా రెప్పలు మూసుకుపోయే జబ్బుకు అమెరికా ప్రభుత్వం 1989లో దీన్ని అనుమతించింది. కనుబొమల మధ్య ముడతలకు అనుమతి వచ్చింది 2002లో. కంటి కార్నియా దెబ్బతిన్నప్పుడు దాన్ని కప్పి కాపాడేందుకు కావాలనే ఈ మందుతో రెప్పను వాల్చే వైద్యమూ ఉంది. తెలిసిన చేతిలో అది చికిత్స. గురి తప్పితే అదే తంటా.

గురి తప్పడమంటే ఎంతో దూరం కాదు. కనుబొమల మధ్య వేసిన మందు కాస్త కిందికి జారి, పై రెప్పను ఎత్తిపట్టే కండరానికి చేరితే చాలు, రెప్ప వాలుతుంది. అందుకే కనుబొమ ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైనే సూది పడాలని మందు తయారీదారులే జాగ్రత్త చెబుతున్నారు. అనుమతి కోసం జరిపిన పరీక్షల్లో కూడా నూటికి సుమారు ముగ్గురికి రెప్ప వాలింది. కాబట్టి రెప్ప వాలిన ప్రతిసారీ డాక్టరు నిర్లక్ష్యమే అనడం న్యాయం కాదు. అలాగే 'అసలేమీ కాదు, పది నిమిషాల పని' అని నమ్మబలకడమూ న్యాయం కాదు.

రెప్ప వాలినవాళ్లు బెంబేలెత్తనక్కర్లేదు. ఇది ఎక్కువ మందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, కొందరికి మందు ప్రభావం పూర్తిగా పోయేదాకా పడుతుంది. పెదవులకు, బుగ్గలకు వేసే కొన్ని ఫిల్లర్లను కరిగించే మందుంది గానీ, ఒకసారి నరంలోకి చేరిన ఈ విషాన్ని వెనక్కి లాగే విరుగుడు లేదు. అప్రాక్లోనిడిన్ అనే కంటి చుక్కలు రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేపగలవు. వాటిని కూడా కంటి డాక్టరు చూసి రాయాల్సిందే. అయితే ఒకటికి రెండు కనబడుతున్నా, కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా ఉన్నా, మింగడం, మాట్లాడడం, ఊపిరి తీయడం కష్టమైనా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. వాలిన ప్రతి రెప్పకూ సూదే కారణమని ఇంట్లో కూర్చోవడం ప్రమాదం. పక్షవాతం, నరాల జబ్బులు కూడా ఇలాగే బయటపడొచ్చు.

ఇక సీసాలో ఏముందన్నది మరో ప్రశ్న. 2024లో అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మంది మహిళలు ఇలాంటి సూదుల తర్వాత జబ్బుపడ్డారని అక్కడి ఆరోగ్య శాఖ ప్రకటించింది. వారిలో 11 మంది ఆసుపత్రి పాలయ్యారు. చూపు మసకబారడం, రెప్పలు వాలడం, మింగలేకపోవడం వారి బాధలు. కొందరికి వేసింది నకిలీ సరుకని తేలింది. శిక్షణ, లైసెన్సు లేనివాళ్ల చేతుల మీదుగానో, ఇళ్లలో, స్పాలలోనో ఆ సూదులు పడ్డాయి. అంత గట్టి నిఘా ఉన్న దేశంలోనే అలా జరిగితే, 'సగం ధరకే' అన్న ప్రకటన చూసి పరుగెత్తే మనం ఎంత జాగ్రత్త పడాలి? ఇది ఫేషియల్ కాదు, పార్లర్ కుర్చీలో పని కానే కాదు.

సరిహద్దులో ఉండే తెలుగువారికి ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, ఆసుపత్రి కాగితం ఇంగ్లిషులో. సంతకం చేయమన్న చోట చేసేస్తాం. ఏం రాసి ఉందో చదివి చెప్పేవారుండరు, అడగడానికి మనకు మొహమాటం. కానీ చికిత్స తీరు, ముఖ్యమైన ముప్పు, వేరే మార్గాలు చెప్పి తీసుకున్నదే సరైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. రోగికి తెలిసిన భాషలో వివరించాలని 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. అర్థం కాని కాగితం మీద పడిన సంతకం రోగికి రక్ష కాదు, అవతలివారికి కవచం.

అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు. సూది వేసేది ఎవరు, వారి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత? సీసా మన ఎదుట తెరుస్తారా, దాని బ్యాచి నంబరు బిల్లు మీద రాస్తారా? రెప్ప వాలితే ఎవరు చూస్తారు? ఆ వైద్యానికి డబ్బెవరిది? మనం చెప్పాల్సినవీ ఉన్నాయి: గర్భం, పాలిచ్చే తల్లి కావడం, కండరాల బలహీనత జబ్బులు, ఇంతకుముందు చేయించుకున్న కంటి ఆపరేషన్లు, వాడుతున్న మందులు. పెళ్లికి వారం ముందు మొదటిసారి ఈ సూది వేయించుకోకపోవడం బుద్ధిమంతుల లక్షణం.

నిర్లక్ష్యం జరిగిందని తేలితే దారి లేకపోలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదు మనం ఉంటున్న జిల్లాలోనే ఇవ్వొచ్చు. బెంగళూరులో సూది వేయించుకున్న హోసూరు మనిషి కృష్ణగిరి జిల్లా వినియోగదారుల కమిషన్ గడప తొక్కితే చాలు. గడువు రెండేళ్లు. బిల్లు, సమ్మతి పత్రం నకలు, ముందూ తర్వాతా తీసిన ఫోటోలు దాచుకోవాలి.

ఇదంతా రోగి నెత్తినే వేసి ప్రభుత్వాలు చేతులు దులుపుకోకూడదు. కర్ణాటకలో 2007 నాటి, తమిళనాడులో 1997 నాటి ప్రైవేటు ఆసుపత్రుల చట్టాలున్నాయి. సూది పట్టే ప్రతి బ్యూటీ క్లినిక్‌నూ వాటి కింద తనిఖీ చేయాలి. తెలుగువారు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో సమ్మతి పత్రం తెలుగులోనూ ఉంచాలని ఆరోగ్యాధికారులు ఆదేశించాలి. అదేమంత ఖర్చుతో కూడిన పని కాదు, ఒక కాగితం అచ్చువేయించడమే. వాలిన రెప్ప నెలకో రెండు నెలలకో తనంతట తానే లేస్తుంది. అధికారుల రెప్పలు మాత్రం మనం అడిగితేనే లేస్తాయి.