తాడు పట్టినదానిదే తప్పా?

మదనపల్లెలో పుట్టి పుంగనూరులో మెట్టినదాన్ని, నాకు పడవల సంగతేం తెలుసని మీరు నవ్వచ్చు. నవ్వండి. కానీ గుంజకు పలుపు కట్టడం నాకు తెలుసు. ఈ మాట చెప్పడానికి ఆ చదువు చాలు.

ఆమధ్య అమెరికా వెళ్ళినప్పుడు, కుప్పంలో ఉండే మా చెల్లెలి కూతురూ అల్లుడూ నన్ను ఫ్లోరిడా కీస్ దీవులకు తీసుకెళ్ళి, ఓ మోటారు పడవ అద్దెకు తీసుకున్నారు. అక్కడ పగడపు దిబ్బల మీద లంగరు వెయ్యకూడదు, పగడాలు విరిగిపోతాయి. అందుకని 1981లో కీ లార్గో దగ్గర జాన్ హాలస్ అనే ఆయన ఓ ఉపాయం చేశారు. సముద్రం అడుగున రాతిని తొలిచి ఇనప కొక్కెం దిగేసి, దానికి తాడూ, తాడుకు పైన తేలే బంతీ కట్టించారు. తెల్ల బంతి, నీలం చార. పడవల గుంజ అన్నమాట! బంతి నుంచి నీళ్ళ మీద ఓ తాడు తేలుతుంటుంది. పడవ ముందు నిలబడ్డవాళ్ళు కొక్కెం కర్రతో దాన్ని అందుకుని పడవను కట్టెయ్యాలి. అంతే.

అల్లుడు స్టీరింగు దగ్గర. మా పిల్ల ముందు, చేతిలో కర్ర. మొదటిసారి పడవ రయ్యిన బంతిని దాటిపోయింది. "పట్టుకోలేవా?" అని కేక. రెండోసారి గాలి పక్కకు తోసేసింది. మళ్ళీ కేక. మూడోసారి తాడు అందింది గానీ పడవ ఆగలేదు. పిల్ల నీళ్ళలో పడబోయి ఆపుకుంది. ఎర్రగా కమిలిన అరచేతులు చూపించి, "నాకే చాతకాలేదులే పెద్దమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది అప్పుడే!

ఈ కేక నాకు కొత్త కాదు. మా పుంగనూరు ఆవును మామగారు గుంజ దాటించి పరుగున తోలుకుపోయి, "కట్టలేదేం?" అని అత్తగారిని గద్దించేవారు. ఆవు ఎత్తు మూడడుగులు, కేక ఎత్తు తాటిచెట్టంత.

అసలు పద్ధతేమిటి? గాలికి ఎదురుగా, నెమ్మదిగా రావాలి. అప్పుడు గాలే బ్రేకు. బంతి దగ్గర పడవ ఆగాలి. చివరి నాలుగు గజాల్లో పడవ ముక్కు అడ్డమొచ్చి, నడిపేవాడికి బంతి కనపడదు. కనపడేది ముందున్నామెకే. ఆమె చెయ్యి ఎటు చూపిస్తే అటు తిప్పాలి. అందకపోతే తాడు వదిలేసి, మళ్ళీ చుట్టు తిరిగి రావాలి. అంటే చూసేది ఆమె, వినాల్సింది ఆయన. మన ఇళ్ళలో ఇది తలకిందులు.

ఆడవాళ్ళ తప్పే ఉండదా అంటారేమో. ఎందుకుండదూ? కర్ర తిరగేసి పట్టుకుంటే తప్పు ఆమెదే. కానీ పడవ పన్నెండడుగుల అవతల పోతుంటే ఆరడుగుల కర్ర ఏం చేస్తుందండీ?

పడవా తాడూ మనకెందుకని కొట్టిపారేయకండి. 2024 సెప్టెంబరు వరదల్లో కట్లు తెంచుకున్న పడవలు వచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి. తాడు చిన్న విషయమా? 2025 ఆగస్టులో ఆ కృష్ణ నీళ్ళే హంద్రీ-నీవా కాలువలో మా కుప్పం దాకా వచ్చాయి. రేపు మాకూ పడవలొస్తాయేమో ఎవరు చూశారు!

పడవలొచ్చేదాకా స్కూటర్లున్నాయిగా. వెనక్కి తీసేది ఆయన, గోడకు తగిలితే "చూడలేదేం?" అని ఆమె మీద కేక. "ఆగండి" అని ఆమె మూడుసార్లు అన్నది మాత్రం ఎవరికీ వినపడదు. ఆ కేక విని విని చివరికి ఆమే నమ్ముతుంది, తనకు చాతకాదని. నా కోపమంతా అందుకే.

ఆ మధ్యాహ్నం అన్నాను: "నాయనా, ఈసారి కర్ర నువ్వు పట్టుకో. స్టీరింగు దానికియ్యి. నీ చేతుల్లో బలం ఎక్కువ కదా!" అల్లుడు మంచివాడే, నవ్వుతూ ఇచ్చాడు. మొదటిసారి తాడు అతనికీ అందలేదు.

మా పిల్ల కేకెయ్యలేదు. పడవను మళ్ళీ చుట్టు తిప్పుకొచ్చి, బంతి పక్కన ఆపింది.