నష్టభయం ఎవరి నెత్తిన?

చదువు పూర్తయిన అమ్మాయి ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్తుంది. “ప్రభుత్వం నీ ఫీజు ఇంకా ఇవ్వలేదు. నువ్వే కట్టి తీసుకెళ్లు” అంటారు ఆఫీసులో. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది మనం తరచు వినే మాటే.

ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందరో పేద, దళిత, బహుజన కుటుంబాల ఆడపిల్లల్ని ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కించింది. ఆ మేలును నేను తక్కువ చేయడం లేదు. కానీ ప్రభుత్వాలు మారినా బకాయిలు పోలేదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేశాయి. యాజమాన్యాల ఇబ్బంది అబద్ధం కాదు. రాబడి ఒకే చోటు నుంచి వచ్చే సంస్థకు అది ఆగిపోతే గండమే. ఆ గండాన్ని ఎవరి మీద మోపి గట్టెక్కుతున్నారన్నదే ప్రశ్న.

ముందు గెస్ట్ లెక్చరర్ల జీతాలు ఆపుతారు. స్త్రీలైతే “మీ ఆయన సంపాదిస్తున్నాడు కదా” అన్న మాట అదనం. తర్వాత సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అలా ఉంచుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. హక్కు కాగితం మీద ఉంది, తాళంచెవి ఆఫీసులో ఉంది. కొడుకువైతే అప్పు చేసైనా విడిపిస్తారు. కూతురివైతే “ఎలాగూ పెళ్లి చేయాలి కదా” అని ఊరుకునే ఇళ్లు ఎన్ని లేవు?

2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేయడం మొదలైంది. తల్లికి గుర్తింపు దొరికిందని సంతోషించాం. అయితే డబ్బు ఆలస్యమైతే కాలేజీకి జవాబు చెప్పుకోవలసిందీ ఆమే అయింది.

మరి కాలేజీలను మదింపు చేసేవారు ఏం చూస్తున్నారు? నాక్ ఎన్నో ఏళ్లుగా వాడిన ఏడు ప్రమాణాల్లో ఆరవదానిలో ఆర్థిక నిర్వహణ ఒక భాగం. ఆడిట్ జరిగిందా, నిధులు ఎలా సమకూర్చుకున్నారు అని అడుగుతారు. డబ్బు రానప్పుడు నష్టం ఎవరు భరించారన్న లెక్క అందులో కనిపించదు. జీతాలు ఎగ్గొట్టి గట్టెక్కిన కాలేజీ కూడా కాగితాల మీద క్షేమంగానే ఉంటుంది.

అందుకే మదింపులో మూడు ప్రశ్నలు చేర్చాలి. ఎన్ని నెలల జీతాలకు సరిపడా నిల్వ ఉంది? జీతం ఆగిన వారిలో స్త్రీలెందరు? బకాయిల పేరుతో ఎందరి సర్టిఫికెట్లు ఆపారు, వారిలో ఆడపిల్లలెందరు? జవాబులు నోటీసుబోర్డు మీద పెట్టాలి. ప్రభుత్వం కూడా ఫీజు విడుదలకు తేదీ ప్రకటించి దానికి కట్టుబడాలి. ఈ లెక్కలు అడిగే పని మహిళా సంఘాలు, అధ్యాపక సంఘాలు కలిసి మొదలుపెట్టాలి. మనం అడగకపోతే ఎవరూ చెప్పరు.